విదేశాల్లో వ్యాపారం: లెక్క ఎంతవరకు, స్ఫురణ ఎక్కడినుంచి

హైదరాబాదులోనో విజయవాడలోనో పదేళ్లు నిలదొక్కుకున్న ఏ సంస్థలోనైనా ఒక రోజు ఈ మాట రాక మానదు: "దుబాయ్‌లో కూడా మొదలుపెడితే ఎలా ఉంటుంది?" వారం తిరిగేసరికి సమావేశంలో రెండు పక్షాలు తయారవుతాయి. వ్యాపారాన్ని తన చేతులతో పెంచిన పెద్దాయన "నాకు తెలుసు, అక్కడ మన సరుకు బాగా పోతుంది" అంటారు. ఫైనాన్స్ చూసే మేనేజరు ఎక్సెల్ తెరిచి ఐదేళ్ల అంచనాలు చూపిస్తారు. పైకి ఇది అనుభవానికీ లెక్కకూ మధ్య తగవులా ఉంటుంది. కాస్త దగ్గరగా చూడండి. ఆ ఎక్సెల్‌లో ‘ఏటా 12 శాతం వృద్ధి’ అన్న గడిలో ఉన్నది ఎవరికో తోచిన అంకె. పెద్దాయన ‘నాకు తెలుసు’ వెనక ఏళ్ల తరబడి అమ్మకాలు చూసిన లెక్క ఉంది, కాకపోతే అది కాగితం మీద లేదు. ఇద్దరూ లెక్కనూ, స్ఫురణనూ (కారణం చెప్పలేకపోయినా లోపల తోచేదాన్ని) రెండూ వాడుతున్నారు. ఏది ఎక్కడ వాడుతున్నారో ఇద్దరికీ తెలియదు.

మేనేజరుగా మీ పని ఆ రెండింటినీ ముందు విడదీసి, ఒకదానితో ఇంకొకదాన్ని ప్రశ్నించడం. అది ఏ వరుసలో చేయాలో కింద రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పెద్ద సంస్థలవి, ఎందుకంటే వాటి కథలే బహిరంగంగా అందుబాటులో ఉన్నాయి. పద్ధతి మాత్రం 50 మంది పనిచేసే సంస్థకూ సరిపోతుంది.

1. లెక్కలు చూడకముందే తోచింది రాయించండి

ఎవరూ ఇంకా అంచనాల కాగితాలు ముట్టుకోకముందే, నిర్ణయంలో పాలుపంచుకునే ప్రతి ఒక్కరి చేతా విడివిడిగా అర పేజీ రాయించండి. ఏ దేశం? అక్కడ పని జరుగుతుందని ఎందుకు అనిపిస్తోంది? ఏ పాత అనుభవం ఆ మాట అనిపిస్తోంది? ఏం తెలిస్తే మనసు మార్చుకుంటారు? ఈ నాలుగు చాలు. తేదీ వేసి, సంతకం చేయించి, నిర్ణయంతో సంబంధం లేని ఒకరి దగ్గర దాచండి.

విడివిడిగా అన్నది ముఖ్యం. మన కార్యాలయాల్లో ఎండీ గారు ముందు నోరు విప్పితే, తర్వాత వచ్చే అభిప్రాయాలన్నీ ఆయన మాటకు వ్యాఖ్యానాలే అవుతాయి. రాతపూర్వకంగా లేకపోతే, లెక్కలు బయటికి వచ్చాక "నేనూ మొదటినుంచీ అదే అనుకున్నాను" అనేవారి సంఖ్య హఠాత్తుగా పెరుగుతుంది.

నాలుగో ప్రశ్న దగ్గర చాలామంది కలం ఆగిపోతుంది. ఏం తెలిసినా మనసు మారదంటే అది స్ఫురణ కాదు, కోరిక. అబ్బాయి మెల్‌బోర్న్‌లో స్థిరపడిన దగ్గరినుంచి ఆస్ట్రేలియా మార్కెట్ బ్రహ్మాండంగా కనిపించడం లోకంలో ఉన్నదే. కోరిక ఉండటం నేరమేమీ కాదు, దాన్ని కోరికగానే నమోదు చేసుకుంటే చాలు.

2. ఆ స్ఫురణ దేనిమీద నిలబడిందో తేల్చండి

గ్యారీ క్లైన్ అగ్నిమాపక దళాధికారులు క్షణాల్లో సరైన నిర్ణయం ఎలా తీసుకుంటారో పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త. డేనియల్ కానెమన్ నిపుణుల తీర్పులు ఎలా తప్పుతాయో జీవితమంతా చూపించినవారు. ఇద్దరివీ ఎదురెదురు పక్షాలు. 2009లో వారు కలిసి రాసిన వ్యాసంలో ఒక విషయంలో ఏకీభవించారు: స్ఫురణను నమ్మాలంటే రెండు షరతులు ఉండాలి. ఆ రంగంలో ఒక క్రమం ఉండాలి, అంటే అవే సూచనలు అవే ఫలితాలకు దారితీయాలి. ఆ క్రమం నేర్చుకునేలా, మన తీర్పు ఒప్పో తప్పో త్వరగా, పదేపదే తెలుస్తూ ఉండాలి.

దీన్ని మీ సంస్థకు అన్వయించి చూడండి. గుంటూరు మిర్చి యార్డులో ఏళ్లుగా కొనుగోళ్లు చేస్తున్న మనిషిని తీసుకోండి. ఆయన కాయను చేత్తో విరిచి, వాసన చూసి, తొడిమ రంగు చూసి తేమ ఎంతో, రకం ఏదో చెబుతారు. తప్పు చెబితే ఆ సాయంత్రానికే నష్టం రూపంలో తెలిసిపోతుంది. రోజుకు ఎన్నో లాట్లు, ప్రతిదానికీ తీర్పు. ఇలా రాటుదేలిన స్ఫురణ ఏ దేశం వెళ్లినా పనిచేస్తుంది, ఎందుకంటే మిరపకాయ మారదు. అదే మనిషి జెడ్డాలోని టోకు వ్యాపారి 90 రోజుల తర్వాత డబ్బు కడతాడో లేదో ముఖం చూసి చెబితే మాత్రం నమ్మకండి. గుంటూరులో ఆయన ముఖం ఒక్కటే చూసి అప్పివ్వలేదు. ఆ వ్యాపారి ఎవరి అల్లుడో, నిరుడు ఎవరికి ఎగ్గొట్టాడో తెలిసే ఇచ్చారు. జెడ్డాలో ఆ సమాచారం ఏదీ లేదు, ధీమా మాత్రం ఆయనతో పాటు విమానమెక్కి వచ్చింది.

కాబట్టి మొదటి అంకంలో రాయించిన కాగితాల్లోని ఒక్కో వాక్యం పక్కన గుర్తు పెట్టండి. సరుకు, యంత్రం, తయారీ, ఖర్చు తగ్గించడం గురించి అయితే ఆ మాటకు విలువ ఎక్కువ. అక్కడి కొనుగోలుదారు, అక్కడి ఉద్యోగి, అక్కడి ప్రభుత్వం గురించి అయితే అది పరీక్షించాల్సిన ఊహ మాత్రమే. ‘ఏ దేశానికి వెళ్లాలి’ అన్న ప్రశ్నలో అయితే స్ఫురణ రాటుదేలే అవకాశమే దాదాపు లేదు. అలాంటి నిర్ణయం ఒక మేనేజరు జీవితంలో నాలుగైదుసార్లు తీసుకుంటారేమో. దాని ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది. "సింగపూర్‌లో నేను చేసి చూపించాను" అన్నది ఒక్క పరీక్ష ఫలితం.

మరి అక్కడి మార్కెట్ మీద రాటుదేలిన స్ఫురణ ఎవరికి ఉంటుంది? ఆ వీధుల్లో పదేళ్లుగా సరుకు దించుతున్న అమ్మకాల ప్రతినిధికి. వీలైతే అలాంటి ఒకరిని సలహాదారుగా పెట్టుకోండి. ఆయనకిచ్చే జీతం నెలకొక కన్సల్టెన్సీ నివేదిక కంటే చవక.

3. దారి మూసే లెక్కలు ముందు చేయండి

మార్కెట్ పరిమాణం, ఐదేళ్ల లాభం లాంటి ఆశపెట్టే అంకెల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ‘కాదు’ అనగల అంకెలు చూడండి. ఒక్క అంకె అడ్డం తిరిగితే మిగతావన్నీ వృథా.

కారం ఎగుమతి చేద్దామనుకుంటే ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం కిలోకు అఫ్లాటాక్సిన్ (బూజువల్ల పుట్టే విషపదార్థం) బీ1 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదు. మీ గోదాములో కాయ ఎండే తీరు, నిల్వ ఉండే తీరు ఆ పరిమితిలో నిలుస్తాయా అన్నది ప్రయోగశాల పరీక్షలతో కొద్ది రోజుల్లో తేలుతుంది. తేలకుండా జర్మనీ సూపర్‌మార్కెట్ల గురించి చర్చించడం కాలక్షేపం. గల్ఫ్ వైపు చూస్తుంటే భారత్-యూఏఈ వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. మీ సరుకు సుంకం రాయితీ జాబితాలో ఉందో లేదో, మూల దేశ ధ్రువపత్రానికి ఏమేం కావాలో చూడండి. అక్కడే కంపెనీ పెట్టి పెట్టుబడి పంపాలంటే 2022 ఆగస్టు నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం మీ సంస్థ నికర విలువకు (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదానికి) నాలుగు రెట్ల వరకు ముందస్తు అనుమతి లేకుండా పంపవచ్చు. మీ బ్యాంకు మేనేజరుతో గంటసేపు కూర్చుంటే ఈ భాగం అయిపోతుంది.

మేనేజిమెంట్ ప్రొఫెసర్ పంకజ్ ఘెమావత్ 2001లో ప్రతిపాదించిన చట్రం ఇక్కడ పనికొస్తుంది. రెండు దేశాల మధ్య దూరాన్ని ఆయన సంస్కృతి, పాలనా వ్యవస్థ, భౌగోళికం, ఆర్థిక స్థితి అని నాలుగు రకాలుగా చూడమంటారు. ఒకదానిలో దగ్గరున్న దేశం ఇంకొకదానిలో దూరంగా ఉండవచ్చు.

మనవాళ్లు తరచూ పడే గోతి సంస్కృతి దగ్గరే ఉంది. "డాలస్ నిండా తెలుగువాళ్లే, న్యూజెర్సీలో వీధి వీధికీ మనవాళ్లే" అన్న మాట ఎన్ని వ్యాపార ప్రణాళికల్లో ఉంటుందో లెక్కలేదు. ఈ ఊహలో నిజం ఉంది, అందుకే ప్రమాదం. వాళ్ల సంఖ్యకు ఒక హద్దుంది. వాళ్లలో చాలామంది ఇక్కడికి వచ్చినప్పుడల్లా సూట్‌కేసుల్లో ఆవకాయ, గోంగూర, కారప్పొడులు నింపుకుని వెళ్తారు. మీ మొదటి పోటీదారు అమెరికా కంపెనీ కాదు, పెట్టె సర్ది పంపే ఆ ఇంటి అమ్మ. తెలుగువారి కోసమే వెళ్తున్నారా, తెలుగువారితో మొదలుపెట్టి బయటివారికి అమ్మడానికి వెళ్తున్నారా? ఈ రెండింటికీ వేర్వేరుగా లెక్క వేయండి. మొదటిది చిన్నదే అయినా నిలకడగా నడవచ్చు. రెండోదానికి సరుకు, పొట్లం, ధర, దుకాణం అన్నీ మారాలి.

4. మీకంటే ముందు వెళ్లినవారి ఖాతా తెరవండి

మన పథకాన్ని లోపలినుంచి చూస్తే అది ప్రత్యేకంగా కనిపిస్తుంది. అలాంటి పథకాలు వేసిన ఇతరులకు ఏమైందో బయటినుంచి చూడాలని కానెమన్ పదేపదే చెప్పారు. మీ పరిశ్రమనుంచి అదే దేశానికి, లేదా అలాంటి దేశానికి వెళ్లిన సంస్థల జాబితా తయారు చేయండి. నిలిచినవే కాదు, మూసుకుని వచ్చినవి ముఖ్యం. అక్కడ పనిచేసి వచ్చి రిటైరైనవారు దొరికితే వెళ్లి కలవండి. పదవిలో ఉన్నవారు చెప్పనివి వాళ్లు చెబుతారు.

హైదరాబాదు వారికి దగ్గరి ఉదాహరణ డాక్టర్ రెడ్డీస్. 2006లో ఆ సంస్థ జర్మనీకి చెందిన బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. జర్మనీ జెనరిక్ మందుల మార్కెట్‌లో అది నాలుగో పెద్ద కంపెనీ. జర్మనీ పెద్ద మార్కెట్, ధరలు బాగున్నాయి, వైద్యులతో సంబంధాల మీద అమ్మకాలు నడిచే తీరు ఇక్కడివారికి పరిచయమైనదే. కొన్న కొద్దికాలానికే జర్మనీ ప్రభుత్వం ఆరోగ్య బీమా ఖర్చులు తగ్గించే చట్టాలు తెచ్చింది. బీమా సంస్థలు టెండర్లు పిలవడం మొదలుపెట్టాయి, తక్కువ ధర చెప్పిన కంపెనీ మందే రోగికి చేరసాగింది. వైద్యులతో పెంచుకున్న సంబంధాలకు విలువ పడిపోయింది. 2008-09 ఆర్థిక సంవత్సరంలో డాక్టర్ రెడ్డీస్ ఈ కొనుగోలు విలువలో వెయ్యి కోట్ల రూపాయలకు పైగా పుస్తకాల్లో రద్దు చేయాల్సి వచ్చింది.

దీన్ని చూసి విదేశీ కొనుగోళ్లు వద్దనుకోనవసరం లేదు. నేను దీనినుంచి తీసుకున్నది ఒక ప్రశ్న. మీ అంచనాల పట్టికలో ఒక్కో అంకె పక్కన ఇంకో గడి చేర్చి ఇలా అడగండి: ఈ అంకెను ఎవరి సంతకం మార్చగలదు? అమ్మకం ధర పక్కన ‘ఆరోగ్య శాఖ’ అని వస్తే, కిరాయి పక్కన ‘పురపాలక సంఘం’ అని వస్తే, లాభాన్ని ఇంటికి పంపే గడి పక్కన ‘వాళ్ల కేంద్ర బ్యాంకు’ అని వస్తే మీ రిస్కు ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది. అలాంటి గడులు ఎక్కువగా ఉన్నచోట వృద్ధి శాతాలు సవరిస్తూ కూర్చోవడంకంటే ఒప్పందం రాసే న్యాయవాదిమీద ఖర్చుపెట్టడం మేలు. జీఎంఆర్‌కు 2010లో మాల్దీవుల్లోని మాలే విమానాశ్రయం దక్కింది, 2012లో అక్కడి ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లి, 2016లో సుమారు 27 కోట్ల డాలర్లు జీఎంఆర్‌కు అందాయి. విమానాశ్రయం పోయినా డబ్బు తిరిగి వచ్చిందంటే, మొదట్లో ఎవరో ఒప్పందంలోని వాక్యాలు ఓపికగా చదివారన్నమాట.

వాల్‌మార్ట్ 1997లో జర్మనీలో అడుగుపెట్టి 2006లో వెనుదిరిగింది. అమెరికాలో గెలిపించిన అలవాట్లనే అక్కడికి మోసుకెళ్లింది. అతి తక్కువ ధరలే దాని బలం. కొన్న ధరకంటే తక్కువకు అమ్మడం మీద జర్మనీలో ఆంక్షలున్నాయి, 2000లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ ధరలు పెంచమని ఆదేశించింది. ఇంట్లో రాటుదేలిన స్ఫురణకు పరాయి చోట ఏమవుతుందో చూడాలనుకుంటే ఈ ఒక్క కథ చాలు.

5. వెళ్లి చూడండి, చూసింది మూడు గళ్లలో రాయండి

అంకెలు మీకు తెలిసిన ప్రశ్నలకే జవాబు చెబుతాయి. తెలియని ప్రశ్నలు వీధిలో దొరుకుతాయి. అయితే హోటల్ లాబీలో డిస్ట్రిబ్యూటరుతో కాఫీ తాగి రావడం వెళ్లి చూడటం కాదు.

స్వీడన్ ఫర్నిచర్ సంస్థ ఐకియా హైదరాబాదుకు వచ్చిన తీరు చూడండి. 2012లో అనుమతికి దరఖాస్తు, 2013లో ఆమోదం, హైటెక్ సిటీలో మొదటి దుకాణం తెరిచింది 2018 ఆగస్టు 9న. ఆ ఏళ్లలో స్థలాలు, అనుమతులు, 30 శాతం సరుకు ఇక్కడే కొనాలన్న నిబంధన లాంటి లెక్కలన్నీ ఒకవైపు నడిచాయి. ఇంకోవైపు ఆ సంస్థ మనుషులు దేశంలో దాదాపు వెయ్యి ఇళ్లకు వెళ్లి జనం ఎలా కూర్చుంటారో, ఎక్కడ పడుకుంటారో, వంటింట్లో ఏం చేస్తారో చూశారు. ఇక్కడి ఆడవాళ్ల ఎత్తుకు తగ్గట్టు వంటింటి అరలు కిందికి దించి చూపించారు. చిన్నపిల్లలు తల్లిదండ్రుల గదిలోనే పడుకుంటారని, చుట్టాలు వస్తే అదనంగా స్టూళ్లూ మడత కుర్చీలూ కావాలని గమనించారు. దుకాణంలోని రెస్టారెంటులో గొడ్డుమాంసం, పందిమాంసం లేకుండా చికెన్, కూరగాయల ఉండలు పెట్టారు, బిర్యానీ చేర్చారు. 200 రూపాయల లోపు వస్తువులు వెయ్యి రకాలు ఉంచారు. ‘భారతీయ గృహోపకరణాల మార్కెట్ ఇన్ని వేల కోట్లు’ అన్న అంకెలో ఇవేవీ కనిపించవు.

మీకు వెయ్యి ఇళ్లు సాధ్యం కాదు. పదిహేను దుకాణాలు సాధ్యమే. దుబాయ్‌లో కరామా, దేరా ప్రాంతాల్లోని కిరాణా దుకాణాలకు సాయంత్రం రద్దీ వేళ వెళ్లి, మీలాంటి సరుకు ఏ అరలో ఉందో చూడండి. పోటీ కంపెనీ పొట్లం తిప్పి తయారీ తేదీ చదవండి. అర ముందు వరుసలోని పొట్లం ఏడు నెలల కిందటిదైతే ఆ సరుకు కదలడం లేదు, డిస్ట్రిబ్యూటరు ఎన్ని మాటలు చెప్పినా సరే. తేదీ మూడు వారాల కిందటిదై, దుమ్ము లేకుండా ఉంటే అక్కడ నిజంగా అమ్మకం ఉంది. అలాగే దుకాణదారును ‘మా సరుకు పెట్టుకుంటారా’ అని అడగకండి, మర్యాదకు సరే అంటారు. ‘చివరిసారి ఏ సరుకు వాపసు పంపారు, ఎందుకు’ అని అడగండి.

రాత్రి గదికి వచ్చాక పుస్తకంలో మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో కళ్లారా చూసింది మాత్రమే. రెండో గడిలో దాని అర్థం ఏమిటని మీకు తోచింది. మూడో గడిలో ఆ తోచింది నిజమో కాదో చెప్పగల అంకె ఏది, అది ఎక్కడ దొరుకుతుంది. ‘చిన్న పొట్లాలే కొంటున్నారు’ అన్నది చూసింది. ‘కూలి పనివారు గదుల్లో పంచుకుని వండుకుంటున్నారు కాబట్టి’ అన్నది తోచింది. ‘100 గ్రాముల పొట్లాల వాటా ఎంత’ అన్నది కావలసిన అంకె. స్ఫురణ లెక్కలోకి ప్రవేశించే ద్వారం ఈ మూడో గడి. చాలామంది పర్యటన నివేదికల్లో మొదటి రెండు గళ్లు కలగలిసిపోయి ఉంటాయి, మూడోది ఉండనే ఉండదు.

6. పోగొట్టుకున్నా తట్టుకోగలిగినంతతో దిగండి

హోండా అమెరికాకు వెళ్లిన కథ ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టం. 1959లో లాస్ ఏంజెలెస్‌లో కార్యాలయం తెరిచేనాటికి జపాన్ ఆర్థిక శాఖ అనుమతించింది 2.5 లక్షల డాలర్లు. అందులో నగదు 1.1 లక్షల డాలర్లే, మిగతాది సరుకు రూపంలో. అమెరికన్లు పెద్ద మోటార్‌సైకిళ్లే నడుపుతారు కాబట్టి 250, 305 సీసీ బండ్ల మీదే ఆశలు పెట్టుకున్నారు. ఆ బండ్ల హ్యాండిల్ బుద్ధుడి కనుబొమల ఆకారంలో ఉంటుందని, అది అమ్మకానికి కలిసివస్తుందని సోయిచిరో హోండాకు గట్టి నమ్మకం. అమెరికన్లు జపాన్‌లో కంటే ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో నడిపారు. బండ్లు ఆయిల్ కారాయి, క్లచ్‌లు పోయాయి. ఈలోగా హోండా సిబ్బంది ఊళ్లో చిన్నచిన్న పనులకు తమ 50 సీసీ సూపర్ కబ్ బండ్ల మీద తిరిగేవారు. వాటిని చూసి జనం ఆరా తీశారు, అమెరికా రిటైల్ సంస్థ సియర్స్ కొనుగోలు అధికారి ఫోన్ చేశారు. అప్పటికీ హోండావాళ్లు తటపటాయించారు, చిన్న బండి అమ్మితే పెద్ద బండ్లు కొనే మగరాయుళ్ల ముందు పరువు పోతుందని. పెద్ద బండ్లు మూలపడ్డాకే చిన్నదాన్ని అమ్మారు. క్రీడా సామగ్రి దుకాణాల్లో కూడా అది అమ్ముడుపోయింది.

1975లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ బ్రిటిష్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక హోండా విజయాన్ని భారీ ఉత్పత్తి, తక్కువ ఖర్చుల వ్యూహంగా వివరించింది. 1984లో మేనేజిమెంట్ పరిశోధకుడు రిచర్డ్ పాస్కేల్ ఆనాటి హోండా అధికారులను కలిసి, పైన చెప్పిన గందరగోళ కథను ప్రచురించారు. అప్పటినుంచీ మేనేజిమెంట్ పాఠాల్లో ఏది నిజమని వాదన. నాకు ఆ వాదనే అనవసరమనిపిస్తుంది. 250 డాలర్లలోపు ధరకు చిన్న బండి ఇవ్వగలగడం జపాన్‌లో లెక్క ప్రకారం కట్టిన ఫ్యాక్టరీ పుణ్యం. ఆ బండిని అమెరికాలో అమ్మాలని తెలియడం వీధిలో కళ్లు తెరిచి ఉన్నందుకు దక్కిన ఫలం. డబ్బు తక్కువగా ఉండబట్టే పెద్ద పందెం కాసి మునిగిపోలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్‌ది. 2011లో కెనడాలో జెల్లర్స్ దుకాణాల లీజులను ఒక్కసారిగా కొని, 2013లో ఒకే ఏడాదిలో 124 దుకాణాలు తెరిచింది. లీజులకు డబ్బు కట్టేశారు కాబట్టి ఆగి చూసుకునే వ్యవధి లేదు. హడావుడిలో కంప్యూటర్లోకి ఎక్కించిన సరుకు వివరాల్లో పొడవు ఉన్నచోట వెడల్పు, అంగుళాలకు సెంటీమీటర్లకు తేడాలు. గోదాములు నిండాయి, దుకాణాల్లో అరలు ఖాళీ. 2015 జనవరిలో మూసివేత ప్రకటించేనాటికి 133 దుకాణాలు, 17,600 మంది ఉద్యోగులు.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన యొహాన్సన్, వాల్నే 1977లో వర్ణించిన దారి మధ్యస్థ సంస్థలకు ఇప్పటికీ సరిపోతుంది: ముందు ఏజెంటు ద్వారా ఎగుమతి, తర్వాత సొంత అమ్మకాల కార్యాలయం, ఆ తర్వాతే తయారీ. ప్రతి మెట్టు దగ్గరా ముందే రెండు గీతలు గీసి ఉంచండి. ఒకటి, ఏ అంకె దాటితే తర్వాతి మెట్టు ఎక్కుతాం. రెండు, ఏ తేదీకి ఏ అంకె రాకపోతే దిగిపోతాం. కంపెనీలు కొనేటప్పుడు రెండో గీత ధర రూపంలో ఉండాలి. టాటా స్టీల్ 2006 అక్టోబరులో ఐరోపా ఉక్కు కంపెనీ కోరస్ షేరుకు 455 పెన్స్ ఇస్తామంది. బ్రెజిల్ కంపెనీతో పోటీ పెరిగి, 2007 జనవరి చివర వేలంలో 608 పెన్స్ దగ్గర ఆగింది. మరుసటి ఏడాదే ప్రపంచ ఆర్థిక సంక్షోభం ఉక్కు గిరాకీని కూలదోసింది. వేలంపాటలో కూర్చున్నాక పుట్టే స్ఫురణ అంతా ఒకవైపుకే మొగ్గుతుంది, కాబట్టి గరిష్ఠ ధర ముందు రోజే కాగితం మీద ఉండాలి.

7. బతికుండగానే పంచనామా రాయించండి

గ్యారీ క్లైన్ 2007లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, అరగంట చాలు. అందరినీ కూర్చోబెట్టి ఇలా చెప్పండి: "మూడేళ్లు గడిచాయి. దుబాయ్ కార్యాలయం మూసేశాం. ఎందుకు మూసేశామో రాయండి." మూతపడే అవకాశం ఉందా అని అడగవద్దు. మూతపడిందనే చెప్పండి. జరిగిపోయిందంటే మనసు కారణాలు వెతుకుతుంది. జరగవచ్చా అంటే నచ్చజెబుతుంది.

చీటీల మీద పేర్లు లేకుండా రాయించి, కింది స్థాయి ఉద్యోగి చేత చదివించండి. ‘సార్’ ఎదుట అభ్యంతరం చెప్పడం విశ్వాసఘాతుకంలా అనిపించే చోట లోపల దాగిన స్ఫురణలు బయటికి రావడానికి ఇంతకంటే మర్యాదైన దారి నాకు తెలియదు. గోదాము చూసే గుమాస్తా ‘వేసవిలో కంటెయినర్లో నూనె వాసన పట్టింది’ అని రాయవచ్చు. అది ఏ కన్సల్టెంటు నివేదికలోనూ ఉండదు.

8. రెండూ రెండు దారులు చూపిస్తే

లెక్క వద్దంటోంది, మనసు వెళ్లమంటోంది అనుకోండి. వెళ్లాలనిపిస్తే పోయినా తట్టుకోగలిగినంత డబ్బుతో, వెనక్కి తిరగగల పద్ధతిలో వెళ్లండి. ఒక కంటెయినరు, ఒక ప్రదర్శనలో దుకాణం, ఒక ఏజెంటుతో ఆరు నెలల ఏర్పాటు. భవనం కొనకండి, కంపెనీ కొనకండి.

లెక్క సరేనంటోంది, మనసులో ఏదో గుచ్చుకుంటోంది. ఇది ఎక్కువ విలువైన సందర్భం, దీన్నే ఎక్కువమంది తోసిపుచ్చుతారు. నా అభిప్రాయంలో స్ఫురణకు ఆపే అధికారం ఇవ్వాలి, ఒంటరిగా నడిపించే అధికారం ఇవ్వకూడదు. అయితే ఆపడం అంటే గడువు పెట్టి ఆపడం. రెండు వారాలు తీసుకుని ఆ గుచ్చుకునేది ఏమిటో కనిపెట్టండి. చాలాసార్లు అది ఒక మనిషి దగ్గర తేలుతుంది: భాగస్వామి అడగని ప్రశ్నలకు జవాబులిస్తున్నాడు, బ్యాంకు వివరాల దగ్గర మాట మారుస్తున్నాడు. దాన్ని పరీక్షించే మార్గాలున్నాయి. 1957 నుంచి ఉన్న ఎగుమతి రుణ హామీ సంస్థ ఈసీజీసీ ఆ కొనుగోలుదారుకు ఎంత పరిమితి (ఎంత మొత్తం వరకు హామీ) ఇస్తుందో అడగండి. హామీ ఇవ్వడమే వృత్తిగా ఉన్న సంస్థ ఒకరికి తక్కువ పరిమితి ఇచ్చిందంటే మీ మనసు సరిగానే పసిగట్టింది. గల్ఫ్‌లో అయితే ఏజెంటుకు ప్రత్యేక హక్కులు రాసిచ్చే ముందు స్థానిక న్యాయవాదిని కలవండి. నమోదైన వాణిజ్య ఏజెంటును తొలగించడం మన దగ్గర డీలరును మార్చినంత తేలిక కాదు.

గడువులోగా ఏమీ దొరక్కపోతే లెక్క ప్రకారం వెళ్లండి, అనుమానాన్ని మాత్రం రాతలో ఉంచండి.

9. ఏడాది తర్వాత మార్కులు వేయండి

దాచిన అర పేజీలను ఏడాదికి బయటికి తీయండి. ఎవరి ఏ వాక్యం నిజమైందో, ఎక్సెల్‌లోని ఏ అంకె ఎంత తప్పిందో పక్కపక్కన పెట్టండి. లాభనష్టాలను బట్టి మార్కులు వేయకండి. టాటా మోటార్స్ 2008 జూన్‌లో 230 కోట్ల డాలర్లకు జాగ్వార్ లాండ్‌రోవర్‌ను కొన్న కొద్ది నెలలకే అమెరికా బ్యాంకు లేమాన్ బ్రదర్స్ కూలింది. ఆ ఏడాది చివర అడిగితే అది పిచ్చి నిర్ణయం. మరికొన్నేళ్లకు అదే ఆ గ్రూపుకు పెద్ద ఆదాయ వనరు. నిర్ణయం అదే, మారింది చూసిన తేదీ. కాబట్టి ‘ఆనాడు తెలిసినదాన్నిబట్టి సరిగా ఆలోచించామా’ అన్నది ఒక గడిలో, ‘ఏం జరిగింది’ అన్నది వేరే గడిలో రాయండి.

మార్కులు దేశం వారీగా, విషయం వారీగా విడిగా ఉంచండి. ధరల మీద ఒకరి ఊహ పదింట ఎనిమిదిసార్లు నిజమైందంటే ఇక ఆ దేశంలో ధర నిర్ణయించేటప్పుడు వాళ్ల మాటకు లెక్కతో సమానంగా విలువ ఇవ్వండి, నియామకాల విషయంలో మాత్రం కాదు. తర్వాత నైరోబీకో జకార్తాకో వెళ్లాల్సి వస్తే కొత్త పుస్తకం తెరిచి, అదే నాలుగు ప్రశ్నలతో మొదలుపెట్టండి. పాత మార్కులు ఆ పుస్తకంలోకి ఎక్కించకండి.